అద్దం పట్టిన చెయ్యి

ఆళ్ళగడ్డ శిల్పుల వీధిలో కొత్త టీవీ వద్దన్న ఇల్లాలు ఎవరైనా ఉందంటే, అది ఉమామహేశ్వరమ్మ ఒక్కతే. మిగతా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కావాలంటుంటే మగవాళ్ళు చూద్దాంలే అని దాటేస్తున్నారు. ఈ ఇంట్లో లోకం తలకిందులైంది. మొగుడు మౌనాచారి కొందామంటాడు, పెళ్ళాం వద్దంటుంది. అది రెండువేల తొమ్మిదో సంవత్సరం. గోడకు పటం మాదిరి తగిలించుకునే పలచని టీవీలు నంద్యాల అంగళ్ళలో అప్పుడప్పుడే వరసగా వెలుగుతున్నాయి.

"ఉన్న టీవీకి ఏమొచ్చె? బాగానే పాడతాంది గదా," అంటుంది ఆమె.

"పాడతాంది. కనపడదు," అంటాడు ఆయన.

అందులో అబద్ధమేమీ లేదు. పదహారేళ్ళ కిందట కొన్న డబ్బా టీవీ అది. అందులో మనుషులకు మొహాలుంటాయి గానీ ముక్కులుండవు. ఎర్రచీర కట్టుకున్న మనిషి నడిస్తే ఆ ఎరుపు పక్కనున్న గోడకంతా అంటుకుంటుంది. పక్క వాటాలో ఉండే తోడికోడలు జయమ్మ వచ్చినప్పుడల్లా గడపలో నిలబడి, "అక్కా, ఆ వార్తలు చదివేది ఆడమనిషా, మగోడా?" అని నవ్విపోయేది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఇంకో ఆడదైతే ఆ నవ్వుకే మర్నాడు కొత్త టీవీ తెప్పించేది. ఉమామహేశ్వరమ్మ మాత్రం కొంగుతో తెర తుడిచి, "మగోడే, మీసం అరిగిపోయినాది," అని గమ్మునుండేది.

నిజం చెప్పాలంటే ఆమెకు ఆ మసకే కావాలి. అది పోతే ఏం బయటపడుతుందో ఆమె ఒక్కదానికే తెలుసు. కనీసం ఆమె అట్లా అనుకుంటోంది.

మౌనాచారి చెయ్యి ఎటువంటిదో చెప్పకుండా ఆ సంగతి చెప్పడం కుదరదు. ఆయన రాయిని ఉలితో ఒక్కసారి తట్టి, చెవి ఆనించి వింటాడు. మోగితే దేవుడికి, మోగకపోతే రోలుకు. ఇంతవరకూ ఆ మాట తప్పింది లేదు. నల్లరాతిలో ముత్యాలహారం చెక్కితే ఒక్కొక్క ముత్యం కింద దారం పోయేంత సందు ఉంటుంది. చేతివేళ్ళు చెక్కితే గోళ్ళే కాదు, గోరు మొదట్లో ఉండే పలచని చర్మం కూడా తీస్తాడు. పెళ్ళైన కొత్తలో ఉమామహేశ్వరమ్మ అడిగింది. "గుళ్ళోకి పోయినంక పట్టుచీర కడతారు, మోకాళ్ళ దాకా పూలదండలేస్తారు. ఈ గోళ్ళు ఎవురు చూస్తారప్పా?"

"చూసేవాళ్ళు చూస్తారు," అన్నాడాయన. అంతే. పేరుకు తగ్గ మనిషి. మాటలన్నీ రాయికి ఇచ్చేసి ఇంటికి ఖాళీగా వచ్చేవాడు. అయినా ఆమెకు ఆయనంటే ఎంత గొప్పో చెప్పలేం. మధ్యాహ్నం అన్నం తీసుకుని షెడ్డుకు పోతే, తిరిగి ఇంటికి రావడానికి ఆమెకు గంట పట్టేది. ఆయన పని చూస్తూ నిలబడిపోయేది.

ఆ ఇంట్లో తాతల నాటి ఆచారం ఒకటుంది. విగ్రహమంతా పూర్తయ్యాక ఆఖరున కళ్ళు తెరుస్తారు. శిల్పి ఆ మొహంలోకి నేరుగా చూడకూడదు. పక్కన కూర్చుని, ఎదురుగా పట్టిన అద్దంలో చూసుకుంటూ, బంగారం తాకించిన సన్న ఉలితో కనుపాప గీతలు తీస్తాడు. ఆ అద్దం పట్టేది శిల్పి భార్య. ఆమె తల వంచుకుని నిలబడాలి. పని ముగిసేదాకా తలెత్తకూడదు, అద్దం కదలకూడదు. కళ్ళు తెరిచిన వెంటనే మొహానికి పసుపుబట్ట కట్టేస్తారు. గుళ్ళో ప్రతిష్ఠ అయ్యాక గానీ ఆ బట్ట విప్పరు.

తొంభై ఐదులో సున్నిపెంట కాలనీ వాళ్ళు కట్టుకున్న చిన్న గుడికి అమ్మవారిని చెక్కాడు మౌనాచారి. ఎనిమిది నెలల పని. అంతకుముందు పదకొండు విగ్రహాలకు అద్దం పట్టిన చెయ్యి ఉమామహేశ్వరమ్మది. ఒక్కసారీ వణకలేదు. ఆ పొద్దు మాత్రం ఆమెకు బుద్ధి గడ్డి తిన్నది. ఇన్నేళ్ళుగా ఆయన పనంతా చూసింది గానీ, అన్నింటికన్నా కష్టమైన ఈ పనే తాను చూడలేదే అనిపించింది. ఒక్కసారి చూస్తే ఏమైతాది అనుకుంది. తలెత్తింది.

ఆయన ఊపిరి పీల్చడం లేదు. ముక్కు కొసన ఒక చెమటబొట్టు నిలబడి ఉంది, అది కూడా రాలడానికి జంకుతున్నట్టు. ఉలి పట్టిన వేళ్ళు మాత్రం కదులుతున్నాయి, కదులుతున్నట్టు తెలియనంత మెల్లగా. అబ్బ, ఈ చెయ్యి నా మొగుడిదా అనుకుంది ఆమె. ఆ మురిపెంలో అద్దం సంగతి మరిచిపోయింది. అది కాస్త వెనక్కి వాలింది. టిక్కుమని చప్పుడైంది. ఎడమ కనుపాప కింద ఉలి వెంట్రుకవాసి కిందికి జారడం ఆమె తన కళ్ళతో చూసింది.

గభాల్న తల దించేసింది. ఆయన ఒక్క క్షణం ఆగాడు. తిట్టలేదు, ఏమైందని అడగలేదు. తర్వాత కుడికన్ను మీద ఉలి చప్పుడు వినిపించింది. ఆమె మళ్ళీ తలెత్తితే ఒట్టు. బట్ట కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, అమ్మవారు లారీ ఎక్కి సున్నిపెంటకు పోయింది.

ఇదిగో, ఇదీ ఉమామహేశ్వరమ్మ గుండెల్లో పద్నాలుగేళ్ళుగా కూర్చున్న రాయి. కన్ను తప్పిన విగ్రహం చెక్కినోడు అన్న మాట పుడితే ఆ శిల్పి బతుక్కే మచ్చ. ఆ మచ్చ ఆయన చెయ్యి చేసింది కాదు, తన చెయ్యి చేసింది. ఆ తర్వాత ఆమె అద్దం ముట్టలేదు. మొదట్లో భుజం నొప్పి అంది. తర్వాత, ఇంటి కోడలు ఎవరైనా పట్టొచ్చని పెద్దవాళ్ళు అనంగా విన్నానని చెప్పి అద్దాన్ని జయమ్మకు అప్పగించింది. సున్నిపెంట ఉత్సవాలకు ఏటా పిలుపు వచ్చేది. ఒక ఏడు మోకాళ్ళు, ఒక ఏడు జ్వరం, ఇంకో ఏడు చెల్లెలి కూతురి సీమంతం. మౌనాచారి ఒక్కడే పోయొచ్చేవాడు. లోకల్ కేబుల్లో ఆ ఉత్సవం చూపిస్తే ఆమె ఓరగా చూసేది. నల్లగా ఒక మొహం, నడుమ ఎర్రగా బొట్టు, కళ్ళుండే చోట రెండు మరకలు. హమ్మయ్య అనుకుని ఆ మసకకే దండం పెట్టుకునేది.

ఈ ఏడు అంతా తారుమారైంది. గుడి పదిహేనో ఏట అడుగుపెడుతోందని ఒక పుస్తకం వేస్తున్నారట. కమిటీలో ఉండే రిటైర్డు ఇంజనీరు సుందరరాజు, అభిషేకం తర్వాత పూలదండలు లేకుండా అమ్మవారిని దగ్గరగా ఫోటోలు తీయించాడు. ఒక పెద్ద ఫోటో, ఫోటోలన్నీ ఎక్కించిన వేలెడు పెన్ డ్రైవూ తీసుకుని శిల్పికి ఇవ్వడానికి పనిగట్టుకుని ఆళ్ళగడ్డ వచ్చాడు. కాఫీ తాగుతూ, "అన్ని గుళ్ళల్లో అమ్మవార్లు ఎదురుగా చూస్తారు ఆచారిగారూ. మా తల్లి మాత్రం కిందికి, ముందు కూర్చున్నోళ్ళ వైపు చూస్తుంది," అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వంటింట్లో ఉన్న ఉమామహేశ్వరమ్మ చేతిలో గ్లాసు జారింది. కిందికి చూస్తుందంటే కన్ను వాలిపోయిందనే కదా అర్థం! పెద్దమనిషి కాబట్టి మర్యాదగా చెబుతున్నాడు అనుకుంది. సుందరరాజు వెళ్ళగానే ఆ పెద్ద ఫోటోను కవరు కూడా విప్పకుండా పసుపుబట్టలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టేసింది. "దేవుని గూట్లో తావు లేదు," అంది. మౌనాచారి పెట్టె వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, షెడ్డుకు పోయాడు.

వారం తిరక్కుండా టీవీ మాటెత్తాడు.

"నంద్యాలలో పౌలు అంగట్లో కొత్త టీవీలు వచ్చినాయంట. ఈ పుల్ల దాంట్లో గుచ్చితే ఫోటోలు మనిషంత కనపడతాయంట," అన్నాడు పెన్ డ్రైవు చూపించి. అంత పొడుగు మాట ఆయన నోటి నుంచి వచ్చి ఎన్నాళ్ళయిందో.

ఉమామహేశ్వరమ్మ వంకలు వెతుక్కుంది. ఇక అక్కడినుంచి మొదలుపెట్టింది. పెద్ద టీవీలతో కళ్ళు పోతాయంది. గోడకు చెమ్మ ఉంది, తగిలిస్తే ఊడి పడతాదంది. దాని వెనక బల్లులు కాపురం పెడతాయంది. ఆయన ప్రతిదానికీ ఊఁ అని, మర్నాడు మళ్ళీ అదే మాట ఎత్తేవాడు. రాయి మీద ఉలి వేసినట్టు, ఒకే చోట, కోపం లేకుండా, రోజూ. జయమ్మ కూడా ఆయన పక్షమే చేరింది. "కొను బావా, అక్క మాటినకు. ఆమెకు బల్లులంటే ఎప్పుడు భయముండాది? చేత్తో పట్టి బయటేస్తాది," అని గుట్టు బయటపెట్టింది.

చివరికి ఒక ఆదివారం ఆయనే దిగివచ్చాడు. "కొనొద్దులే. చూసొద్దాం రా. చూసినందుకు దుడ్లడగరు గదా."

పోతే పోయింది, అక్కడే ఏదో ఒక వంక పెట్టి ఆ ముచ్చట అక్కడే పూడ్చిపెట్టి రావచ్చని ఆమె బస్సెక్కింది. ఆయన జేబులో ఆ పెన్ డ్రైవు ఉన్న సంగతి ఆమెకు తెలుసు. దారిపొడుగునా ఆ జేబునే చూస్తూ కూర్చుంది.

పౌలు గలగలా మాట్లాడే మనిషి. చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో రేడియోలు బాగుచేసి, నంద్యాలలో అంగడి పెట్టినవాడు. "రా ఆచారన్నా, రా వదినా! మీ ముసిలి టీవీ ఇంకా బతికే ఉండాదా? దానికి నేను కట్టిన తీగలే ఎక్కువ, కంపెనీవి తక్కువ," అంటూ కుర్చీలేశాడు. గోడమీద ఐదు టీవీలు. నడిమి దాన్ని చూపించి చెప్పాడు. "బొమ్మంటే చుక్కలే గదన్నా. పాతదాంట్లో చుక్కలు తక్కువ, లావు. దీంట్లో ఇరవై లక్షల పైన చుక్కలుండాయి."

మౌనాచారి లేచి తెర దగ్గరికి పోయి, కళ్ళు చికిలించి చూశాడు. "అంటే ఉలిదెబ్బ ఎంత సన్నగా పడితే పని అంత నున్నగా ఉంటాది. అంతేనా?"

"అంతేనన్నా! ఆరు నెల్లనుంచి నేను చెప్పలేకపోతాండా, ఎంత బాగా చెప్తివి!"

పౌలు కేబుల్ పెట్టాడు. పెట్టగానే ఉమామహేశ్వరమ్మకు ప్రాణం లేచి వచ్చింది. అంత పెద్ద తెరలో మొహాలు సాగిపోయి, అంచులు చెదిరిపోయి, చూడబుద్ధి కాకుండా ఉన్నాయి. "ఇదేందప్పా పౌలూ! దీనికన్నా మా ముసిల్దే నయం గదా! దానికి ముక్కొక్కటే లేదు, దీనికి మూతి కూడా లేదే!" అని పకపకా నవ్వింది. అంగట్లో బేరానికి వచ్చిన నలుగురూ నవ్వారు.

"కేబుల్లో వచ్చేదే అంత వదినా. టీవీ మంచిదే, దానికి పెట్టే తిండి చెడ్డది," అని పౌలు తల గోక్కున్నాడు.

"తిండి మంచిది వచ్చినప్పుడు చూద్దాంలే. పదప్పా, బస్సుకు టైమైతాంది." ఆమె సంచి భుజానేసుకుని లేచింది. గెలిచేసింది. గడప దాటడమే తరువాయి.

మౌనాచారి కుర్చీలోంచి కదలకుండా జేబులోంచి పెన్ డ్రైవు తీసి పౌలు చేతిలో పెట్టాడు. "ఈ తిండి పెట్టి చూడు," అన్నాడు.

తెర నల్లబడింది. మళ్ళీ వెలిగింది. ఫ్రిజ్జు బేరం చేస్తున్నాయన బేరం మరిచి ఇటు తిరిగాడు. నల్లరాతి అమ్మవారు, అభిషేకం నీళ్ళు ఇంకా ఆరని ఒంటితో, ఆ గోడలోంచి లేచి వచ్చినట్టు కూర్చుని ఉంది. పౌలు రిమోటు నొక్కుతుంటే బొమ్మ దగ్గరికి వచ్చింది. కిరీటంలో తీగలు, తీగల మీద మొగ్గలు. హారంలో ముత్యాలు, వాటి కింద దారం పోయే సందులు. ఒక నీటిబొట్టు ఆ సందులోనే ఇరుక్కుని మెరుస్తోంది.

"అన్నా, ఇది చేత్తోనే చేస్తివా?" అన్నాడు పౌలు.

అభయహస్తం వచ్చింది. గోళ్ళు, గోటి మొదట్లో ఆ పలచని చర్మం. "చూడు చూడు, గోరు చుట్టూ తోలు కూడా తీసినాడప్పా!" అని ఫ్రిజ్జు మనిషి అరిచాడు. ఉమామహేశ్వరమ్మకు ఒక్క క్షణం భయం గియం అన్నీ ఎగిరిపోయాయి. చూసేవాళ్ళు చూస్తారని ఈ మనిషి ముప్పై ఏళ్ళ కిందట అన్నాడు. ఇదిగో, చూస్తున్నారు. వీళ్ళందరికీ ఆ చెయ్యి నా మొగుడిది అని అరిచి చెప్పాలనిపించింది ఆమెకు.

"మొహం చూపీ," అన్నాడు మౌనాచారి.

"చాల్లే పౌలూ, ఇంక ఆపు," అంది ఆమె. కానీ పౌలు అప్పటికే నొక్కేశాడు. ఆమె తల దించేసింది. సంచిని రెండు చేతులతో పట్టుకుని, పద్నాలుగేళ్ళ కిందట ఆ పొద్దు నిలబడినట్టే, నేల చూస్తూ నిలబడింది. చేతులు వణుకుతున్నాయి.

మౌనాచారి లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. "తలెత్తు," అన్నాడు.

ఆమె ఎత్తలేదు.

"ఎత్తుమే. ఈడ ఎత్తొచ్చు."

ఎత్తింది. మొదట ఆమె కళ్ళు ఎడమ కన్నునే వెతికాయి. ఉంది. కనుపాప కింద, కిందికి జారిన సన్నని గీత. తాను చూసిందే. తాను చేసిందే. కుర్చీ అంచు పట్టుకుంది. ఆయన వేలు చాపి తెరమీద రెండో పక్క చూపించాడు. కుడి కన్ను. అక్కడా అదే గీత. అంతే పొడుగు, అంతే సన్నం, అదే చోట. రెండు కళ్ళూ ఒక్కటిగా కాస్త కిందికి చూస్తున్నాయి. అంత పెద్ద కిరీటం పెట్టుకుని కూడా ఆ తల్లి, కింద కూర్చున్నవాళ్ళ కష్టం వింటున్నట్టు ఉంది.

"ఎడమది నువ్వు తీసినావ్," అన్నాడు మౌనాచారి. "కుడిది నేను తీసినా."

ఆమె తెర వదిలి ఆయన వైపు తిరిగింది. "తెలుసా నీకు?"

"అద్దం వాలితే అమ్మవారి కన్ను పోయి షెడ్డు దూలం కనపడె. ఏందబ్బా అని తల తిప్పి చూస్తే, నువ్వు నోరు తెరుచుకుని నా చెయ్యే చూస్తాండావ్." ఆయన మళ్ళీ తెర వైపు చూశాడు. "నా పనిని అట్ల చూసినోళ్ళు ఇంగెవురూ లేరు. ఏమని తిడతా?"

ఉమామహేశ్వరమ్మ ఏడ్చింది. అంగట్లో, నలుగురి ముందు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే ఒంటికాలి మీద లేచింది. "మరి చెప్పొచ్చు గదప్పా! పద్నాలుగేండ్లు! ఒక్క మాటకు నోరు పడిపోయినాదా నీకు?"

"చెప్తే నమ్ముతావా? నన్ను ఓదారుస్తాండాడు అనుకుంటావ్. కంటితో చూడాల. గుడికి రమ్మంటే రావు. ఫోటో తెస్తే పెట్టెలో దాస్తివి." అప్పుడు, చాలా ఏళ్ళ తర్వాత, ఆ మనిషి నవ్వాడు. "టీవీని యాడ దాస్తావ్?"

ఈ గొడవలో తలాతోకా తెలియక పౌలు బిక్కమొహం వేశాడు. "వదినా, టీవీలో ఏమన్నా తప్పుండాదా? రంగు ఎక్కువైనాదా?"

ఆమె ముక్కు చీది, కళ్ళు తుడుచుకుంది. తెరను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. "ఇంతకన్నా పెద్దది లేదా?" అంది.

పౌలు ఎగిరి గంతేసినంత పని చేసి లోపలికి పరిగెత్తాడు. ఫ్రిజ్జు మనిషి శిల్పి చేతులు పట్టుకుని ఏ ఊరు, ఏ వీధి అని అడుగుతున్నాడు. ఆమె ఆ ఇద్దరి నడుమకు వచ్చి, "ఆళ్ళగడ్డ, శిల్పుల వీధి. ఎవుర్నడిగినా చెప్తారు," అని తానే జవాబిచ్చింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"శుక్రవారం చాగలమర్రి గుడికి పోయే విగ్రహానికి కళ్ళు తెరవాల గదా."

"ఊఁ."

"జయమ్మకు చెప్పు. అద్దం నేను పడతా."

ఆయన ఆమె చేతుల వైపు చూశాడు. వణకడం లేదు. "తలెత్తవు గదా?" అన్నాడు.

"ఎత్తుతా," అంది ఉమామహేశ్వరమ్మ. "అద్దం మాత్రం కదలనీను."